ఫోన్ పెట్టేయడం నేర్చుకుందాం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నన్ను బ్యాంకు అనుభవాల మీద మాట్లాడమన్నారు. 34 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను కనుక చెప్పడానికి చాలానే ఉంది. కాని నేను చెప్పదలుచుకున్నది రిటైరయ్యాక జరిగిన సంగతి. మా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అల్లుడు ఈ సభలోనే ఉన్నాడు. అతనికి కూడా ఇప్పుడే తెలుస్తుంది.

2024 వానాకాలం. ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు ఫోన్ మోగింది. ఎత్తితే రికార్డు చేసిన గొంతు. ట్రాయ్ నుంచి అని చెప్పి, మీ నంబరు రెండు గంటల్లో బంద్ అవుతుంది, వివరాలకు 9 నొక్కండి అంది. నొక్కాను. ఒక అమ్మాయి లైనులోకి వచ్చింది. నా ఆధార్ మీద ముంబైలో ఎవరో సిమ్ తీసుకున్నారట, దాని నుంచి జనానికి పాడు మెసేజులు పోతున్నాయట, ఫిర్యాదులు వచ్చాయట. నా ఆధార్‌లో చివరి నాలుగంకెలు ఆమే చదివింది. మా నాన్న పేరు, చిల్కూరు అడ్రసు కూడా చదివింది. ‘మీరు పెద్దవారు, ముంబై దాకా ఏం వస్తారు సార్, పోలీసు స్టేషన్‌కు నేనే కలుపుతాను’ అంది. నాకు సాయం చేస్తున్నట్టే ఉంది.

తరువాత వాట్సాప్‌లో వీడియో కాల్. ఖాకీ డ్రెస్సు, వెనక గోడ మీద మూడు సింహాల గుర్తు, బల్ల మీద చిన్న జెండా. ఆయన అన్న మొదటి మాట ‘స్టాండ్ అప్’. నేను లేచి నిలబడ్డాను.

అరవై నాలుగేళ్ల మనిషిని, నా ఇంట్లో, నా మంచం పక్కన, ఫోన్‌ను కిటికీకి ఆనించి చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానా అని తరువాత చాలా రోజులు ఆలోచించాను. మీకు గుర్తుండే ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ గారు తనిఖీకి వచ్చే రోజు మన సార్లు పొద్దున్నే మనకు ఏం చెప్పేవాళ్లు? పెద్దాయన అడిగితే లేచి నిలబడాలి. అడిగినదానికే జవాబు చెప్పాలి. ఎదురు ప్రశ్న వేయొద్దు. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడొద్దు. మంచి పాఠమే. ఆ పాఠంతోనే నేను ఉద్యోగం సంపాదించాను, ముప్పై నాలుగేళ్లు మాట పడకుండా చేశాను. ఆ రోజు ముంబై నుంచి అన్నవాడు, అసలు ఏ ఊరి నుంచి మాట్లాడాడో ఆ దేవుడికే తెలియాలి, సరిగ్గా ఆ పాఠం మీదనే నన్ను పట్టుకున్నాడు. దురాశ ఉన్నవాళ్లే మోసపోతారని లోకం అనుకుంటుంది. నేను చూసినంతలో, పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకపోవడం, ఫోన్‌లో అవతలి మనిషి మాట ముగించేదాకా ఆగడం, ఈ మర్యాదలే వాళ్లకు పెట్టుబడి.

నాలుగున్నర గంటలు మాట్లాడించాడు. సుప్రీంకోర్టు ముద్ర వేసిన కాగితం పంపాడు. ఇది దేశ భద్రతకు సంబంధించిన రహస్య విచారణ, ఇంట్లో వాళ్లకు చెప్పినా నేరమే అన్నాడు. మా ఆవిడ రెండుసార్లు తలుపు కొట్టింది. ‘ఎవరితోని మాట్లాడుతున్నవ్ ఇంతసేపు? అన్నం చల్లారిపోతుంది’ అంది. ఏం లేదు, బ్యాంకు పని అన్నాను. నా ఖాతాలోని డబ్బు మంచిదో చెడ్డదో తేలాలంటే రిజర్వు బ్యాంకు పరిశీలన ఖాతాకు పంపాలి, సాయంత్రానికి తిరిగి వస్తుంది అన్నాడు. రిజర్వు బ్యాంకులో మామూలు మనుషులకు ఖాతాలుండవని నేను ఎంతమంది ట్రైనీలకు చెప్పానో! ఆ సంగతి ఆ నాలుగున్నర గంటల్లో నా బుర్రలోకి రాలేదు. రెండు విడతల్లో 4 లక్షల 60 వేలు పంపాను. అవి మా ఆవిడ మోకాళ్ల ఆపరేషన్‌కు పక్కన పెట్టుకున్నవి.

నేను అసలు చెప్పాలనుకున్నది దీని తరువాతి భాగం. సాయంత్రం ఏడుకల్లా మోసమని నాకు అర్థమైపోయింది. 1930 నంబరు నాకు నోటికి వచ్చు. సైబర్ మోసానికి దేశమంతటికీ అదే నంబరని మా వాడకట్టులో నలుగురికి నేనే చెప్పాను. ఫోన్ చేతిలోనే ఉంది. చేయలేదు. బ్యాంకాయన మోసపోయాడంటే ఊళ్లో ఏమనుకుంటారు? బుధవారం చేయలేదు. గురువారం చేయలేదు. శుక్రవారం పొద్దున మా ఆవిడ నా ముఖం చూసి నిలదీస్తే చెప్పాను. ఆమె తిట్టలేదు. ‘ముందు ఫోన్ చెయ్యి’ అంది.

ఆ మూడు రోజుల విలువ ఎంతో బ్యాంకువాడిగా చెబుతాను. 1930కి ఫోన్ చేస్తే వాళ్లు మనం పంపిన ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, తారీఖు, సమయం అడుగుతారు. ఆ వివరాలు వెంటనే ఆ ఖాతా ఉన్న బ్యాంకుకు చేరతాయి. అక్కడ డబ్బు ఇంకా ఉంటే ఆ మొత్తాన్ని కదలకుండా ఆపుతారు. వేరే ఖాతాకు పోయి ఉంటే ఆ బ్యాంకు వెంట పడతారు. దొంగలు కూడా ఖాళీగా కూర్చోరు. మొదటి ఖాతా నుంచి నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు, అక్కడి నుంచి మరో పదింటికి పంచేస్తారు. చివరికి ఏటీఎంలో నోట్లుగా తీస్తారు, లేదా క్రిప్టో కరెన్సీగా మార్చి దేశం దాటిస్తారు. ఇద్దరి మధ్య పరుగు పందెం అది. మొదటి గంటలో ఫోన్ చేసినవాడికి చాలా దొరకొచ్చు. మూడో రోజు చేసిన నాకు ఎక్కడో ఒక ఖాతాలో మిగిలిపోయిన 38 వేలు దొరికాయి. అవి కోర్టు ఉత్తర్వు మీద నెలల తరువాత చేతికొచ్చాయి. మన రాష్ట్రంలో ఇలా ఆపిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా కూడా తిరిగి ఇప్పిస్తున్నారు. కాని ఆపగలిగితేనే కదా ఇప్పించేది!

ఇంకొక సంగతి. మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, తప్పు మనదీ బ్యాంకుదీ కాకపోతే, మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారు మీద నష్టం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన పెట్టింది. నాకు అది వర్తించలేదు. నేను నా చేత్తో, నా పిన్ కొట్టి పంపాను. డిజిటల్ అరెస్టు అనేవాళ్లు మన చేతనే ఎందుకు పంపిస్తారో ఇప్పుడు అర్థమైంది కదా.

నాది పోయిన రెండు నెలలకు, 2024 అక్టోబరు 27న, ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఇదే సంగతి ఎత్తారు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు అన్నారు. నేను వింటూ కూర్చున్నాను. ఆ దగ్గర్లోనే పేపర్లలో ఇంకో వార్త వచ్చింది. లూధియానాలో వర్ధమాన్ అనే పెద్ద బట్టల మిల్లుల సంస్థ అధిపతి ఓస్వాల్ గారు, 82 ఏళ్లు, పద్మభూషణ్ పొందిన మనిషి, ఇదే పద్ధతిలో 7 కోట్లు పోగొట్టుకున్నారు. ఆయనకు ఫోన్‌లో ఏకంగా దొంగ సుప్రీంకోర్టు విచారణే జరిపించారు. ఆయన పోలీసులకు చెప్పారు. 5 కోట్లకు పైగా తిరిగి దొరికాయి. ఆయన పేరు దేశమంతా పేపర్లలో వచ్చింది, పరువేమీ పోలేదు. నేను పరువు కాపాడుకొని పైసలు పోగొట్టుకున్నాను. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ డిజిటల్ అరెస్టు కేసులను సీబీఐకి అప్పగించింది.

మన చుట్టుపక్కలకు వద్దాం. మన మొయినాబాద్, చేవెళ్ల వైపు వీళ్లు ఎందుకు చూస్తారు? భూమి వల్ల. ఎకరం అమ్మిన రైతు ఖాతాలో ఒకేసారి అంత డబ్బు పడుతుంది. అతను జన్మలో చెక్కు మీద సంతకం పెట్టి ఉండడు. ఫలానావాడు అమ్మాడన్న సంగతి నెల తిరగకముందే పది మందికి తెలుస్తుంది. తరువాత షేర్లలో రెట్టింపు చేస్తామనే వాట్సాప్ గ్రూపులో అతన్ని చేరుస్తారు. మొదట వెయ్యి పెడితే పన్నెండు వందలు నిజంగానే చేతికిస్తారు. ఆ రెండు వందలే ఎర.

రైతు భరోసా పైసలు పడే రోజుల్లోనూ, పీఎం కిసాన్ విడత పడే రోజుల్లోనూ ఇంకో రకం తిరుగుతుంది. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వస్తుంది. పంపింది మనకు తెలిసినవాళ్లే అయి ఉండొచ్చు, వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది. ఆ ఫైలు పేరు చివర ఏపీకే అనే మూడు ఇంగ్లిషు అక్షరాలుంటాయి. నొక్కితే అది ఫోన్‌లో కూర్చొని, మనకొచ్చే ఓటీపీలను వాళ్లకు చేరవేస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మనం గోడల మీద రాశాం. ఇక్కడ చెప్పాల్సిన పనే లేదు. ప్రభుత్వం గాని బ్యాంకు గాని వాట్సాప్‌లో అలాంటి ఫైలు పంపదు. పెళ్లి కార్డు పేరుతోనూ, బండి చలానా పేరుతోనూ ఇదే ఫైలు వస్తోంది.

‘రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్’ అనే మెసేజి మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ‘పొరపాటున మీ ఫోన్‌కు ఐదు వేలు వేశాను, తిరిగి పంపండన్నా’ అనే ఏడుపు కూడా. అలాంటప్పుడు వచ్చిన మెసేజి కాదు, ఖాతాలో నిల్వ చూసుకోండి. యూపీఐ పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర నుంచి పోవడానికే. రావడానికి పిన్ అక్కర్లేదు. ఇది మార్కెట్‌లో ఆకుకూరలమ్మే మా వదినకు నేను చెప్పిన మాట. ఆమె నాకంటే బాగా గుర్తుపెట్టుకుంది.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు చెబుతున్నాను. వీసా మొక్కుకు వచ్చేవాళ్లు పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూటెనిమిది చేసే ఊరు మనది. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మా బ్యాచ్ మిత్రుడొకాయనకు అర్ధరాత్రి ఫోన్ వచ్చింది. కొడుకు యాక్సిడెంట్ కేసులో ఇరుక్కున్నాడు, లాయరుకు వెంటనే డబ్బు పంపాలి. వెనక ‘నాన్నా’ అని ఏడుపు, అచ్చం కొడుకు గొంతే. ఇప్పుడు గొంతును కూడా కంప్యూటర్‌తో తయారు చేస్తున్నారు. మిత్రుడు కాస్త గట్టి మనిషి. ‘మనింట్ల తెల్లావు పేరేంది బిడ్డా?’ అన్నాడు. లైను కట్ అయింది. ప్రతి ఇంట్లో ఇలాంటి తెల్లావు ప్రశ్న ఒకటి ఉంచుకోండి. పేపర్ మీద రాయొద్దు, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు.

ఆ అవతలి మనిషి ఎవరో కూడా ఆలోచించాలి. జార్ఖండ్‌లో జామ్‌తాడా అని చదివాం. ఇప్పుడు చాలావరకు కంబోడియా, మయన్మార్, లావోస్ దేశాల్లో గోడలు కట్టిన ఆవరణల్లోంచి నడుస్తోంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన పిల్లలను తీసుకుపోయి, పాస్‌పోర్టు లాక్కొని, మన వాళ్లకే ఫోన్లు చేయిస్తున్నారు. 2024లో సిరిసిల్ల వైపు యువకుడొకడు ఇలాగే కంబోడియాలో చిక్కాడు. ఇంటివాళ్లు ఫిర్యాదు ఇస్తే మన పోలీసులు ఏజెంటును పట్టుకున్నారు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో థాయిలాండ్ నుంచి తెచ్చారు. అందులో తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. నన్ను నిలబెట్టినవాడు కూడా ఎవరి ముందో నిలబడి ఉన్నాడేమో. కోపం పూర్తిగా పోయిందని చెప్పను.

ఇక్కడే ఉండి వాళ్లకు సాయపడే పిల్లలూ ఉన్నారు. నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇయ్యి, నెలకు ఐదు వేలిస్తాం అంటారు. కాలేజీ పిల్లవాడికి అది పాకెట్ మనీ. నా 4 లక్షల 60 వేలు మొదట చేరింది అలాంటి ఒక పిల్లవాడి ఖాతాకే. పోలీసులు ముందు వచ్చేది అతని ఇంటికే. టీచర్లు ఇంటర్‌కు పోయే పిల్లలకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

మామూలు అమ్మకాల ఫోన్ల గురించి రెండు ముక్కలు. 1996లో వచ్చిన 111 జీవో గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది, గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల కోసం 84 ఊళ్లలో కట్టడాలకు హద్దు పెట్టారు. జీవో ఎత్తేశారట, గజం ఇంత, సైట్ చూపిస్తాం అని రోజుకు నాలుగు ఫోన్లు నాకు వస్తాయి. ఇవి దొంగ ఫోన్లు కాకపోవచ్చు, కాని విసిగిస్తాయి. 1909కి ఫోన్ చేసి గాని మెసేజి పంపి గాని వద్దని నమోదు చేయించుకోవచ్చు. అయినా చేస్తే అదే నంబరుకు ఫిర్యాదు. అమ్మకాల ఫోన్లకు 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకులు మన ఖాతా పని మీద చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని నిబంధన ఉంది. మామూలు పది అంకెల నంబరు నుంచి ‘బ్యాంకు మేనేజరును’ అంటే అక్కడే ఆపేయండి. అనుమానం ఉన్న ఫోన్లను కేంద్రం సంచార్ సాథీలో చక్షు అనే చోట తెలియజేయవచ్చు. మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా సంచార్ సాథీలోనే తెలుస్తుంది. నేను చూస్తే నా పేరు మీద మూడు కనబడ్డాయి. రెండే నావి.

ఇంకొకటి. కొరియర్ వాడినని ఫోన్ చేసి, స్టార్ 401 స్టార్ అని మొదలుపెట్టి ఒక నంబరు కొట్టమంటారు. కొడితే మన ఫోన్లు, ఫోన్‌లో చెప్పే ఓటీపీలు అన్నీ వాళ్లకు మళ్లిపోతాయి. పొరపాటున కొట్టి ఉంటే రెండు హ్యాష్‌లు, 002, మళ్లీ ఒక హ్యాష్ కొట్టి డయల్ చేస్తే ఆ మళ్లింపులన్నీ రద్దవుతాయి.

కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2024 ఒక్క ఏడాదిలో దేశంలో సైబర్ మోసాలకు పోయింది 22,845 కోట్లు. నాలాగా నోరు మూసుకున్నవాళ్ల లెక్క అందులో లేదు. నేను కూడా మూడు రోజుల దాకా అందులో లేను.

గురువుల ముందు ఒక కోరిక పెడుతున్నాను, తప్పయితే మన్నించండి. మాకు లేచి నిలబడటం నేర్పారు. ఇప్పటి పిల్లలకు ఫోన్ పెట్టేయడం కూడా నేర్పండి. నిజంగా క్లాసులోనే ఆడించండి. ఒకడు పోలీసు అవుతాడు, గద్దిస్తాడు. ఇంకొకడు ‘మా ఇంట్లో వాళ్లను అడిగి మీ స్టేషన్‌కు నేనే ఫోన్ చేస్తాను’ అని కట్ చేయాలి. మొదట్లో నవ్వుతారు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే కట్ చేయడం చాలామందికి చేతకాదు, చూడండి. మా మనవరాలితో నేనే ఆడి చూశాను. మూడోసారికి గాని నా చెయ్యి కదల్లేదు. ఆ ఆట ఇంటికి పోయి తాతతో, నానమ్మతో కూడా ఆడమనండి.

పిల్లలకు నేర్పాల్సింది ఇంకోటి ఉంది, ఇంట్లో పెద్దవాళ్లు పైసలు పోగొట్టుకున్నారని తెలిస్తే ‘అంత తెలివి లేదా’ అనొద్దు. మా ఆవిడ ఆ శుక్రవారం ఆ మాట అని ఉంటే నేను స్టేషన్‌కు కూడా పోయేవాణ్ణి కాదు. ఆమెకు ఒక మోకాలి ఆపరేషన్ అయింది. రెండోది వచ్చే నెలలో ఉంది. మెట్లు ఎక్కలేక అక్కడ వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుంది.

సభ అయ్యాక భోజనాల దగ్గర నేనూ ఆ వేపచెట్టు కిందనే ఉంటాను. ఫోన్ పట్టుకొని రండి. మీ పేరు మీద సిమ్ములెన్నో, ఫోన్ ఎక్కడికైనా మళ్లి ఉందేమో చూసి చెబుతాను. 1930ని మీ ఫోన్‌లో పేరు పెట్టి సేవ్ చేసి ఇస్తాను. ఇంతకుముందే మోసపోయి ఎవరికీ చెప్పుకోని వాళ్లుంటే, అందరూ తిని పోయినాక రండి. ఆలస్యమైనా పర్వాలేదు, నా ఫోన్‌లోంచే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఇద్దరం కూర్చొని ఫిర్యాదు రాద్దాం.